ప్రదర్శన ముగిసిన మర్నాడు



లండన్‌లో 1992లో జరిగిన సంగతి ఇది. సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ అని అక్కడ పేరున్న కళల కాలేజీ. అందులో ఫ్యాషన్ చదువు ముగించుకుంటున్న విద్యార్థులు తాము తయారుచేసిన దుస్తుల్ని నలుగురి ముందూ ప్రదర్శించారు. వాళ్ళలో ఒకడు టాక్సీ డ్రైవర్ కొడుకు. పదహారేళ్ళకే బడి మానేసి, సూట్లు కుట్టే దర్జీల దగ్గర పని నేర్చుకున్నవాడు. పేరు అలెగ్జాండర్ మెక్వీన్.

చూడవచ్చినవాళ్ళలో ఇసబెల్లా బ్లో అనే ఆవిడ ఉంది. ఫ్యాషన్ పత్రికల్లో పనిచేసే మనిషి. ఆ కుర్రాడి పని ఆమెకు బాగా నచ్చింది. నచ్చిందని చెప్పి ఇంటికి వెళ్ళిపోలేదు. అతను కుట్టినవన్నీ కొనేసింది. ధర అయిదు వేల పౌండ్లు. అంత డబ్బు ఒక్కసారిగా ఇవ్వలేక, వారానికి వంద పౌండ్ల చొప్పున వాయిదాల్లో కట్టింది.

ఆ వాయిదాల సంగతి గుర్తుపెట్టుకోండి. చదువు అయిపోయింది. చేతిలో ఉద్యోగం లేదు. అలాంటి కుర్రాడికి వారం వారం వంద పౌండ్లు అందాయి. తన పనికి విలువ కట్టే మనిషి ఒకరున్నారన్న ధైర్యమూ దొరికింది. నాలుగేళ్ళ తర్వాత, 1996లో, మెక్వీన్ పారిస్‌లోని జివాంషీ అనే పెద్ద ఫ్యాషన్ సంస్థకు ప్రధాన డిజైనర్ అయ్యాడు.

ఈ పూట మన మాట డిజైన్ విద్యార్థుల గురించి. చదువు ముగించేటప్పుడు వాళ్ళు పెట్టే ప్రదర్శనల గురించి. ఆ ప్రదర్శన హాల్లోంచి బయటికి వచ్చి, పరిశ్రమలోకి వాళ్ళు ఎలా అడుగుపెడతారు? వాళ్ళకు చెయ్యి అందించాల్సింది ఎవరు? అదీ మనం మాట్లాడుకోబోయేది.

డిజైన్ అంటే బొమ్మలు గీయడమే కదా అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒక్కసారి మీ చుట్టూ చూడండి. మీరు కూర్చున్న కుర్చీ వీపు ఎంత వాలుగా ఉండాలో ఎవరో ఆలోచించారు. మందుసీసా మూత పిల్లల చేతికి రాకుండా, పెద్దల చేతికి వచ్చేలా ఎవరో అమర్చారు. బస్సు మీద ఊరి పేరు దూరం నుంచి కనిపించాలంటే అక్షరం ఎంత ఉండాలో ఎవరో లెక్క కట్టారు. చీర అంచు, ఆసుపత్రి మంచం, ఫోన్ తెర మీద మీరు నొక్కే గుర్తు, అన్నిటి వెనకా ఒక ఆలోచన ఉంది. ఆ ఆలోచననే చదువుగా చదివి, చేతులతో చేసి చూపించే పిల్లలే డిజైన్ విద్యార్థులు.

వాళ్ళ ప్రదర్శన ఎలా ఉంటుంది? పెద్ద హాలు. వరసగా స్టాళ్ళు. వెనక గోడ మీద బొమ్మలు, ముందు బల్ల మీద నమూనా, పక్కనే నిలబడి విద్యార్థి. దాని వెనక నెలల పని ఉంటుంది. నిద్రలేని రాత్రులుంటాయి. చూడటానికి అమ్మానాన్నలు వస్తారు. జూనియర్లు వస్తారు. మాస్టార్లు వస్తారు. వాళ్ళ మధ్యలో ఒక కంపెనీ మనిషి వస్తాడు. ఒక స్టాల్ దగ్గర ఆగుతాడు. నమూనా చేతిలోకి తీసుకుంటాడు. చాలా బాగుందంటాడు. కార్డు తీసుకుని ముందుకు వెళ్ళిపోతాడు. మర్నాడు స్టాళ్ళు విప్పేస్తారు. నమూనాను పాత బట్టల్లో చుట్టి ఇంటికి తీసుకువెళతారు.

మరి ఆ తర్వాత?

అసలు ప్రశ్న అదే. ప్రదర్శన బాగా జరగడం ఒక సంగతి. మర్నాడు ఆ విద్యార్థికి పని దొరకడం వేరే సంగతి. మెప్పు ఒకటి, పని ఒకటి. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని కొన్నిచోట్ల కొందరు తగ్గించారు. ఎలా తగ్గించారో చూద్దాం.

మళ్ళీ లండన్‌కే వెళదాం. ఆ నగరంలో ఇస్లింగ్టన్ అనే పేట ఉంది. అక్కడ ఇనుమూ గాజూ కలిపి కట్టిన పాతకాలపు పెద్ద హాలు ఒకటి. 1862లో పశువుల ప్రదర్శనల కోసం కట్టారు దాన్ని. రైతులు తమ మేలుజాతి పశువుల్ని అక్కడికి తోలుకొచ్చేవారు. ఇప్పుడు దాని పేరు బిజినెస్ డిజైన్ సెంటర్. ఏటా వేసవిలో అక్కడ న్యూ డిజైనర్స్ అనే ప్రదర్శన జరుగుతుంది. 1985లో మొదలైంది. బ్రిటన్‌లోని విశ్వవిద్యాలయాల నుంచి, ఆ ఏడు డిజైన్ చదువు ముగించిన విద్యార్థులు వేలమంది తమ పని తీసుకుని ఆ ఒక్క కప్పు కిందికి చేరతారు. బట్టల డిజైన్ చేసేవాళ్ళు, నగలు చేసేవాళ్ళు, పింగాణీ చేసేవాళ్ళు, కుర్చీలూ బల్లలూ చేసేవాళ్ళు, పుస్తకాలకూ తెరలకూ డిజైన్ చేసేవాళ్ళు. అందరికీ ఒకేసారి చోటు చాలదు. అందుకే రెండు విడతలుగా జరుపుతారు.

దీని వల్ల ఏం లాభం? ఒక దుకాణం యజమాని యాభై కాలేజీలు తిరగనక్కరలేదు. ఒక్కచోటికి వస్తే చాలు. ఎక్కడో మారుమూల కాలేజీలో చదివిన అమ్మాయి పని కూడా, రాజధానిలో చదివిన వాడి పని పక్కనే కనిపిస్తుంది.

ఆ ప్రదర్శనలో ఇంకో ఏర్పాటు ఉంది. దాని పేరు వన్ ఇయర్ ఆన్. అంటే, చదువు ముగించి సొంతంగా పని మొదలుపెట్టి మొదటి ఏడాదిలో ఉన్నవాళ్ళ కోసం విడిగా ఒక భాగం. వాళ్ళలోంచి కొందరిని ఎంపిక చేసి చోటు ఇస్తారు. ఎందుకు ఇలా? పట్టా చేతికొచ్చిన రోజున అందరూ చప్పట్లు కొడతారు. కష్టమంతా ఆ తర్వాతి ఏడాదిలో ఉంటుంది. వస్తువుకు ధర ఎంత చెప్పాలో తెలియదు. సరుకు ఎక్కడ కొనాలో తెలియదు. దుకాణం వాడు అరువు అడిగితే ఏం చెప్పాలో తెలియదు. మొదటి ఏడాది దాటించగలిగితే మనిషి నిలబడతాడు. ఆ సంగతి అక్కడివాళ్ళు గ్రహించారు.

ఇప్పుడు నెదర్లాండ్స్ దేశం వెళదాం. అక్కడ ఐండ్‌హోవెన్ అనే ఊరు. ఆ ఊరి పేరు మీరు వినకపోయినా, అక్కడ పుట్టిన కంపెనీ పేరు మీకు బాగా తెలుసు. ఫిలిప్స్. ఒకప్పుడు మన ఇళ్ళలో అరుగు మీదా అల్మరాలోనూ మోగిన ఫిలిప్స్ రేడియో మూలం ఆ ఊళ్ళోనే ఉంది. ఆ ఊళ్ళో డిజైన్ అకాడమీ ఉంది. ఏటా అక్టోబరులో ఊరంతా డిజైన్ వారోత్సవం జరుగుతుంది. అప్పుడే అకాడమీ విద్యార్థుల ప్రదర్శన కూడా. ఊరికి ఊరే తరలివస్తుంది.

అక్కడి నుంచి వచ్చిన ముగ్గురి కథలు వినండి. మూడూ మూడు రకాలు.

మొదటివాడు మార్టెన్ బాస్. 2002లో పట్టా కోసం ఒక వింత పని చేశాడు. చక్కగా ఉన్న చెక్క కుర్చీల్ని గ్యాస్ మంటతో కాల్చాడు. నల్లగా బొగ్గయ్యేదాకా కాల్చాడు. ఆ బొగ్గు రాలిపోకుండా పైన పారదర్శకమైన పూత పూశాడు. కాలిన కుర్చీ కూర్చోవడానికి పనికొచ్చే కుర్చీగానే నిలిచింది. దానికి స్మోక్ అని పేరు పెట్టాడు. పొగ అన్నమాట. మార్సెల్ వాండర్స్ అనే డిజైనర్ అప్పట్లో నడిపిన మోయి అనే కంపెనీ దాన్ని తమ సరుకుల్లో చేర్చుకుని తయారీ మొదలుపెట్టింది. విద్యార్థి పని కార్ఖానాలోకి వెళ్ళింది. ఇది ఒక దారి. ఒక కంపెనీ ముందుకొచ్చి, దీన్ని మేం తయారుచేస్తాం అనడం.

రెండోవాడు మసూద్ హసానీ. ఆఫ్ఘనిస్తాన్‌లో పుట్టాడు. కాబూల్ శివార్లలో పెరిగాడు. చిన్నప్పుడు పిల్లలు గాలికి దొర్లే బొమ్మలు చేసుకుని ఆడుకునేవారు. ఆ బొమ్మలు ఒక్కోసారి మందుపాతరలున్న నేలలోకి దొర్లిపోయేవి. వాటిని తెచ్చుకోవడానికి ఎవరూ వెళ్ళలేకపోయేవారు. పెద్దయి నెదర్లాండ్స్ చేరి, డిజైన్ చదివి, 2011లో ఆ బొమ్మనే మనిషంత ఎత్తున చేశాడు. నడుమ ఒక గోళం. దాని చుట్టూ వెదురు కాళ్ళు. కాళ్ళ చివర గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళలు. గాలి వీస్తే దొర్లుతుంది. మందుపాతర మీద పడితే అది పేలుతుంది. కొన్ని కాళ్ళు పోతాయి, మిగతాది మళ్ళీ దొర్లుతుంది. మైన్ కాఫన్ అని దాని పేరు. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం దాన్ని తన సేకరణలో చేర్చుకుంది.

ఎంత గొప్ప గౌరవం! అయితే మ్యూజియంలో చోటు దొరకడం, మందుపాతరల నేలలో పనికిరావడం ఒకటి కావు. అక్కడ మనిషి ప్రాణం పణంగా ఉంటుంది. పరీక్ష మీద పరీక్ష కావాలి. డబ్బు కావాలి. ఏళ్ళు కావాలి. హసానీ ఆ తర్వాత, పైనుంచి నేలను పరిశీలించే డ్రోన్ల వైపు వెళ్ళాడు. ప్రదర్శన అతన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. మిగతా దారి అంతా అతనే నడవాల్సి వచ్చింది.

మూడోవాడు డేవ్ హాకెన్స్. 2013లో చదువు ముగించాడు. పారేసిన ప్లాస్టిక్‌ను ముక్కలు చేసి, కరిగించి, కొత్త వస్తువులు పోతపోసే చిన్న యంత్రాలు తయారుచేశాడు. మామూలు వర్క్‌షాపులో, దొరికే సామానుతో చేసుకోదగ్గ యంత్రాలు. వాటి నక్షాలన్నీ ఉచితంగా లోకానికి ఇచ్చేశాడు. ప్రెషస్ ప్లాస్టిక్ అని ఆ పనికి పేరు. ఎన్నో దేశాల్లో జనం ఆ నక్షాలు చూసి యంత్రాలు కట్టుకున్నారు, చిన్న చిన్న యూనిట్లు పెట్టుకున్నారు. ఈ కుర్రాడు ఏ కంపెనీలోనూ ఉద్యోగం వెతుక్కోలేదు. తన చుట్టూ ఒక పని లోకాన్నే పుట్టించాడు.

ఒకడికి కంపెనీ దొరికింది. ఒకడికి పేరొచ్చి, దారి పొడుగైంది. ఒకడు తన దారి తానే వేసుకున్నాడు. ముగ్గురికీ మొదటి మెట్టు మాత్రం ఆ విద్యార్థి ప్రదర్శనే.

కంపెనీ కాకుండా, ఒక్క మనిషి కూడా ఆ మెట్టు కాగలడు. ఇంగ్లండ్‌లో టెరెన్స్ కాన్రాన్ అని పెద్ద డిజైనర్, ఇంటి సామాను దుకాణాల వ్యాపారి ఉండేవాడు. రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుతున్న ఒక విద్యార్థి, చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక మండపం కట్టాలనుకున్నాడు. కాలేజీలో దానికి చోటు చాలదు. కాన్రాన్ పల్లెలో ఉన్న తన ఇంటికి అతన్ని పిలిచి, అక్కడ కట్టుకోమన్నాడు. 1994లో ఆ మండపం లేచింది. ఆ విద్యార్థి థామస్ హెదర్విక్. 2010లో షాంఘై ప్రపంచ ప్రదర్శనలో బ్రిటన్ మంటపాన్నీ, 2012లో లండన్ ఒలింపిక్స్ జ్యోతి పాత్రనూ రూపొందించింది అతనే. కాన్రాన్ అతనికి ఏం ఇచ్చాడు? చోటు ఇచ్చాడు. పనిచేసుకోవడానికి సమయం ఇచ్చాడు.

ఒక సంత కూడా అలా మెట్టు కాగలదు. ఇటలీలోని మిలాన్‌లో ఏటా ప్రపంచంలోకెల్లా పేరున్న ఫర్నిచర్ సంత జరుగుతుంది. పెద్ద పెద్ద కంపెనీలే అక్కడ స్టాళ్ళు పెట్టగలవు. 1998లో మార్వా గ్రిఫిన్ అనే ఆవిడ పూనుకుని, ఆ సంతలోనే ముప్పయ్యయిదేళ్ళ లోపు వాళ్ళకు విడిగా ఒక భాగం ఏర్పాటు చేసింది. సలోనే సటెల్లితే అని దాని పేరు. కొనే కంపెనీలు పక్క హాల్లోనే ఉంటాయి. నాలుగడుగులు వేస్తే కొత్తవాళ్ళ పని కనిపిస్తుంది. జపాన్‌కు చెందిన ఓకి సాతో చదువు ముగిసిన 2002లో స్నేహితులతో మిలాన్ చూడ్డానికి వచ్చాడు. ఆ ఏడే నెండో అనే సంస్థ మొదలుపెట్టి, మరుసటి ఏడు తన పనితో అక్కడే నిలబడ్డాడు. ఇవాళ నెండో ప్రపంచంలో పేరున్న డిజైన్ సంస్థల్లో ఒకటి.

ఇంతదాకా చెప్పుకున్నదాన్ని మరోసారి గుర్తుచేసుకుందాం. ఇసబెల్లా బ్లో డబ్బు పెట్టి కొంది. మోయి కంపెనీ తయారీకి తీసుకుంది. కాన్రాన్ చోటు ఇచ్చాడు. మార్వా గ్రిఫిన్ కొనేవాళ్ళ పక్కనే నిలబెట్టింది. ప్రతిచోటా ఎవరో ఒకరు, బాగుంది అన్న మాట దగ్గర ఆగకుండా, ఒక ఖాయమైన సాయం చేశారు. మెప్పు దగ్గర ఆగలేదు. మర్నాటికి పని చూపించారు.

మరి మన దేశం సంగతి?

1958లో చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు భారత ప్రభుత్వం కోరిక మీద మన దేశం తిరిగి ఒక నివేదిక రాశారు. ఎన్నో తరాలుగా చేతుల్లో అరిగి అరిగి రూపు దిద్దుకున్న మన చెంబును వాళ్ళు గొప్ప డిజైన్‌గా ఎంచారు. ఆ నివేదిక వెలుగులోనే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టింది. ఎన్‌ఐడీ అంటాం. అక్కడ చదువు చివర విద్యార్థి కాలేజీలో కూర్చుని పరీక్ష రాయడు. ఏదైనా సంస్థకు వెళ్ళి, నెలల తరబడి అక్కడే ఉండి, వాళ్ళ నిజమైన సమస్య మీద పనిచేసి, తిరిగొచ్చి జ్యూరీ ముందు నిలబడి సమాధానం చెప్పాలి. అంటే పట్టా రాకముందే పరిశ్రమ గుమ్మం తొక్కుతాడు. ఇది చాలా మంచి పద్ధతి.

మన తెలుగు నేల మీద కూడా ఈ చదువులు బాగానే వేళ్ళూనుకున్నాయి. హైదరాబాద్‌లో ఫ్యాషన్ చదువులు చెప్పే నిఫ్ట్ సంస్థ 1995 నుంచి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌ఐడీ 2015లో మొదలైంది. హైదరాబాద్ ఐఐటీలో డిజైన్ విభాగం ఉంది. మాసబ్ ట్యాంక్ దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. నిఫ్ట్ విద్యార్థులు చదువులో భాగంగా చేనేత గ్రామాలకూ చేతిపనుల ఊళ్ళకూ వెళ్ళి, అక్కడి పని చూసి, రాసుకుని వస్తారు.

అలా చేతిపనుల దగ్గరికి వెళ్ళడంలో ఎంత బలం ఉందో రాహుల్ మిశ్రా ప్రయాణం చెబుతుంది. ఉత్తరప్రదేశ్‌లో కాన్పూర్ దగ్గర పల్లెటూరివాడు. అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో చదివాడు. 2006లో ముంబయిలోని లాక్మే ఫ్యాషన్ వీక్‌లో, కేరళ చేనేత బట్టతో చేసిన దుస్తులతో కొత్తవాడిగా తొలిసారి నిలబడ్డాడు. అక్కడి నుంచి మొదలై 2014లో, మిలాన్‌లో అంతర్జాతీయ వూల్‌మార్క్ బహుమతి గెలిచాడు. ఆ బహుమతి గెలిచిన తొలి భారతీయుడు అతనే.

ప్రదర్శన ఒక్కటే తలుపు కాదు. బహిరంగ పోటీ ఇంకో తలుపు. మన రూపాయి గుర్తు చూడండి. దేవనాగరి ర అక్షరాన్నీ, రోమన్ ఆర్ అక్షరాన్నీ కలిపి, పైన రెండు గీతలు పెట్టిన గుర్తు. దాన్ని గీసింది ఉదయకుమార్. ముంబయి ఐఐటీలోని డిజైన్ కేంద్రంలో పీహెచ్‌డీ చేసినవాడు. కేంద్ర ఆర్థిక శాఖ దేశమంతటికీ పోటీ పెట్టింది. వేల ఎంట్రీలు వచ్చాయి. 2010 జులైలో అతని గుర్తు ఖాయమైంది. ఇవాళ మీ జేబులో ఉన్న నోటు మీద అది ఉంది.

ఇంకో ఉదాహరణ, దీనికి పూర్తిగా భిన్నమైనది. గుజరాత్‌లోని కచ్‌లో జూడీ ఫ్రేటర్ అనే ఆవిడ 2005లో కళారక్షా విద్యాలయ అని ఒక బడి పెట్టించారు. అందులో విద్యార్థులు ఎవరనుకుంటున్నారు? తరతరాలుగా మగ్గం నేస్తున్నవాళ్ళు, అద్దకం చేస్తున్నవాళ్ళు, కుట్టుపని చేస్తున్నవాళ్ళు. వాళ్ళ చేతి పని ఆగిపోకుండా, కొద్ది రోజుల చొప్పున విడతలుగా పాఠాలు. వాళ్ళ భాషలోనే పాఠాలు. ఏడాది చివర తమ కొత్త పనిని జ్యూరీ ముందూ, జనం ముందూ పెట్టడం. పని తెలిసినవాడు డిజైన్ నేర్చుకుంటే, ఇంకొకరు గీసి ఇచ్చింది నేసే కూలిగా మిగిలిపోడు. తన పేరుతో తన పని అమ్ముకుంటాడు. పోచంపల్లికీ, ఉప్పాడకూ, మంగళగిరికీ, వెంకటగిరికీ ఇలాంటి ఆలోచన ఎంత పనికొస్తుందో మీరే ఊహించండి.

ఇక్కడ మనవాడొకరిని తలుచుకోవాలి. చింతకింది మల్లేశం. యాదాద్రి ప్రాంతంలో ఆలేరు దగ్గర చేనేత కుటుంబంలో పుట్టాడు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. పోచంపల్లి తరహా చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రంగా ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ కదలాలి. ఆ పని అమ్మ లక్ష్మి చేసేది. ఆమె భుజం నొప్పి చూడలేక అతను యంత్రం కట్టడానికి పూనుకున్నాడు. 1992లో మొదలుపెడితే 1999కి పని పూర్తయింది. ఏడేళ్ళు. ఆ యంత్రానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఆ ఏడేళ్ళలో ఒక డిజైన్ విద్యార్థి, ఒక ఇంజినీరింగ్ విద్యార్థి అతని పక్కన కూర్చుని ఉంటే? ఒక వర్క్‌షాపు అతనికి తలుపు తీసి ఉంటే? ఏడేళ్ళు రెండేళ్ళు అయ్యేవేమో. ఒకవైపు సమస్య ఉన్న ఇల్లు. మరోవైపు సమస్య కోసం వెతుక్కునే విద్యార్థి. ఇద్దరూ ఒకే రాష్ట్రంలో ఉంటారు. ఒకరికొకరు తెలియదు. ప్రదర్శన జరగాల్సింది ఈ ఇద్దరినీ కలపడానికే.

ఇప్పుడు మూడు మాటలు, ముగ్గురికి.

మొదట విద్యార్థులకు. మీ స్టాల్లో తుది వస్తువు ఒక్కటే పెట్టకండి. దానికి ముందు చేసి పారేసిన నమూనాలూ పెట్టండి. ఎక్కడ తప్పింది, ఎలా సరిదిద్దుకున్నారో చూపించండి. పని ఇచ్చేవాడికి కావలసింది ఆ ఆలోచన నడక. మీ వస్తువు చేయడానికి ఎంత ఖర్చయిందో, వంద చేస్తే ఎంత పడుతుందో తెలుసుకుని ఉండండి. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే వచ్చినవాడు మీ దగ్గర ఇంకాసేపు నిలబడతాడు.

ఇంకొకటి, చాలా ముఖ్యం. మన దేశంలో 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది. మీ వస్తువు రూపాన్ని రిజిస్టర్ చేసుకోవచ్చు. మొదట పదేళ్ళు, ఆ తర్వాత పొడిగిస్తే మరో అయిదేళ్ళు రక్షణ. అయితే అది కొత్తదై ఉండాలి. ముందే నలుగురికీ చూపించేస్తే ఆ కొత్తదనం పోయిందనే చిక్కు వస్తుంది. కాబట్టి దరఖాస్తు ముందు, ప్రదర్శన తర్వాత. మళ్ళీ చెబుతున్నాం. దరఖాస్తు ముందు, ప్రదర్శన తర్వాత. ఈ సంగతి మీ మాస్టారిని ముందుగానే అడగండి.

రెండో మాట తల్లిదండ్రులకు. మొదటి ఏడాది మీ అబ్బాయో అమ్మాయో తక్కువ జీతానికి ఒక చిన్న వర్క్‌షాపులో చేరతానంటే కంగారు పడకండి. మెక్వీన్ సూట్లు కుట్టే దర్జీల దగ్గర నేర్చుకున్న కత్తిరింపే అతని పనికి పునాది అయింది. అయితే జీతమే లేకుండా నెలల తరబడి పని చేయించుకునే చోటు మాత్రం మంచిది కాదు. అలాంటిచోట్ల డబ్బున్న ఇంటి పిల్లలే నిలవగలరు. లేని ఇంటి పిల్లలు ఎంత ప్రతిభ ఉన్నా వెనక్కి తిరిగి వచ్చేస్తారు. ఆ నష్టం ఆ పిల్లలదే కాదు, ఆ పరిశ్రమది కూడా.

మూడో మాట వ్యాపారులకు, చిన్న పరిశ్రమల వాళ్ళకు, సహకార సంఘాల వాళ్ళకు. ఈ మాట మరీ ముఖ్యం. డిజైనర్‌ను పెట్టుకునే స్తోమత మాకెక్కడిది అని మీరు అనుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ పథకం కింద, చదువు ముగించిన వాళ్ళను అప్రెంటిస్‌గా తీసుకుంటే స్టైపెండ్‌లో కొంత భాగం ప్రభుత్వమే భరిస్తుంది. చిన్న పరిశ్రమల కోసం డిజైన్ పనికి సాయం చేసే పథకం కూడా కేంద్రంలో ఉంది. చివరి సంవత్సరం విద్యార్థి మీ పరిశ్రమలో చేసే ప్రాజెక్టుకూ అందులో చోటుంది. జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి చూడండి.

డబ్బు కంటే ముందు మీరు ఇవ్వగలిగింది ఇంకొకటి ఉంది. అది మీ సమస్య. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే మేస్త్రికి తెలుసు, రాత్రంతా బండి నడిపే డ్రైవర్‌కు క్యాబిన్‌లో నడుం ఎక్కడ పట్టేస్తుందో. గుంటూరులో మిర్చి తొడాలు తీసే కూలీలకు తెలుసు, చేతుల మంట ఎలా ఉంటుందో. మంగళగిరిలో గుంట మగ్గం మీద కూర్చునే నేతన్నకు తెలుసు, మోకాళ్ళు ఎందుకు నొప్పి పెడతాయో. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళకు తెలుసు, దూరం పంపిన బొమ్మ దారిలో ఎక్కడ విరుగుతుందో. డిజైన్ విద్యార్థికి ఇంతకంటే మంచి ప్రశ్నపత్రం ఏ కాలేజీ ఇవ్వలేదు.

కాబట్టి ఒక చిన్న పని చేయండి. వచ్చే ఏడాది మీకు దగ్గర్లో ఉన్న డిజైన్ కాలేజీ ప్రదర్శన ఎప్పుడో ఫోన్ చేసి కనుక్కోండి. వెళ్ళేముందు మీ పనిలో మిమ్మల్ని రోజూ వేధించే సమస్య ఒకటి, ఒక్కటే, కాగితం మీద మీ మాటల్లో రాసుకోండి. హాలంతా తిరగండి. తొందరపడకండి. ఏ స్టాల్ దగ్గర మీకు నమ్మకం కలుగుతుందో అక్కడ ఆగండి. ఇది ఎలా చేశావమ్మా, ఇది ఎందుకు ఇలా పెట్టావు బాబూ అని అడగండి. ఓపిగ్గా వినండి. ఆ తర్వాత మీ కాగితం వాళ్ళ చేతిలో పెట్టండి.

ఆ విద్యార్థి దాన్ని చదివి, మీ వర్క్‌షాపు చూడటానికి ఎప్పుడు రమ్మంటారండీ అని అడిగితే, అక్కడే నిలబడి తేదీ చెప్పండి. దారి ఖర్చులు మీరే పెట్టుకోండి.